మండుటెండలో పెరటి మడి

ఎడారిలో కూరగాయలు పండిస్తామంటే ఎవరైనా మొదట అడిగేది నీళ్ళ సంగతే. ఆ ప్రశ్న దగ్గరికి రాక తప్పదు, వస్తాం. కానీ అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, సొనోరన్ ఎడారి మధ్య ఉన్న ఫీనిక్స్ చుట్టుపక్కల పెరటి తోటల అనుభవాన్ని తరచి చూస్తే, మొక్కను అన్నిటికంటే ముందు దెబ్బతీసేది వేడి. అందులోనూ రాత్రి వేడి. నీళ్ళు పైపులో తెచ్చుకోవచ్చు, రాత్రిని చల్లబరచడం పెరటి రైతు చేతిలో లేదు.

2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. అదే జూలైలో వరసగా 16 రాత్రులు కనిష్ఠ ఉష్ణోగ్రత 32 డిగ్రీలకు దిగలేదు. ఆ నేలలోనే పుట్టి పెరిగిన సగువారో కాక్టస్‌లు కూడా ఆ వేసవిలో కొమ్మలు రాల్చి కూలిపోయాయి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అంటారు. ఆ కార్తె మనకు రెండు వారాలు, ఆ తర్వాత మృగశిర వస్తుంది. అక్కడ ఆ ఎండ జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది. మధ్యలో జూలై, ఆగస్టుల్లో వచ్చే వానలు కొన్నేళ్ళు పలకరించి, కొన్నేళ్ళు అసలు రాకుండా పోతాయి.

ఈ వేడి ఏం చేస్తుందో టమాటాను చూస్తే తెలుస్తుంది. పగలు 32-35 డిగ్రీలు దాటి, రాత్రి 21-24 డిగ్రీల పైనే నిలిచిపోతే టమాటా పుప్పొడి జీవం కోల్పోతుంది. మొక్క పచ్చగానే ఉంటుంది, పూత కూడా వస్తుంది. పిందె మాత్రం కట్టదు, పూలు కాడతో సహా రాలిపోతాయి. పుప్పొడి దెబ్బతినేది పువ్వు విచ్చుకునే రోజున కాదు, అంతకు వారం పది రోజుల ముందే, మొగ్గలో అది తయారయ్యే దశలో. అందుకే రెండు రోజులు చల్లబడినా కాపు వెంటనే తిరిగి రాదు. అప్పటికే కట్టిన కాయలు కూడా ఎర్రబారవు. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ సుమారు 30 డిగ్రీల పైన సరిగా తయారు కాదు కాబట్టి పండు పసుపు, నారింజ రంగుల దగ్గరే ఆగిపోతుంది. రంగు తిరగడం మొదలవగానే కోసి ఇంట్లో నీడన ముగ్గబెడితే చక్కగా ఎర్రబడుతుంది. ఈ సంగతులు తెలియక ఎరువు సరిపోలేదనుకుని నత్రజని వేసేవాళ్ళు, నీళ్ళు చాలలేదనుకుని రోజుకు మూడుసార్లు తడిపేవాళ్ళు ఎక్కువమంది. రెండూ మొక్కకు చెరుపే.

మధ్యాహ్నం ఆకులు వాలిపోవడం కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. గాలి మరీ పొడిగా ఉన్నప్పుడు వేళ్ళు లాగే నీటి కంటే ఆకుల నుంచి ఆవిరయ్యేది ఎక్కువ. మట్టిలో తడి ఉన్నా మొక్క తల వాలుస్తుంది, పొద్దు గుంకగానే లేస్తుంది. చూడవలసింది తెల్లవారుజామున. అప్పుడు కూడా వాలి ఉంటే దానికి నిజంగా దాహమైనట్టు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడడం ఏ పరికరానికీ తీసిపోని పరీక్ష.

కాబట్టి ఎడారి తోటలో మొదట మార్చుకోవలసింది పంచాంగం. చలి దేశాల పుస్తకాలు మే నెలలో నాటి ఆగస్టులో కోయమంటాయి. ఫీనిక్స్‌లో టమాటా నారు ఫిబ్రవరి మధ్య నుంచి మార్చిలోపు నేలలో పడాలి, జూన్ రాకముందే కాపులో ఎక్కువ భాగం ఇంటికి చేరాలి. రెండో పంట సెప్టెంబరు చివర మొదలవుతుంది. క్యారెట్, ముల్లంగి, బఠాణీ, క్యాబేజీ, పాలకూర, మెంతికూర, కొత్తిమీర అన్నీ అక్కడ చలికాలపు పంటలే, అక్టోబరు నుంచి మార్చి దాకా మడి నిండుగా ఉంటుంది. మంచు కురిసే ఊళ్ళవాళ్ళు పెరడు మూసి ఇంట్లో కూర్చునే నెలల్లో ఎడారి పెరడు పచ్చగా కళకళలాడుతుంది. ఫీనిక్స్ కంటే ఎత్తున ఉన్న టూసాన్‌లో ఈ తేదీలు కొన్ని వారాలు అటూ ఇటూ జరుగుతాయి. అరిజోనా విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం ప్రాంతాల వారీగా నాట్ల పట్టికలు ఇస్తుంది. ఆ పట్టికను గోడకు అంటించుకున్నవారికి సగం కష్టం తీరినట్టే.

ఫీనిక్స్ శివార్లలోని చాండ్లర్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ళకు ఒక అనుకూలత ఉంది. టమాటా, క్యాప్సికం, బీన్స్ చేతులెత్తేసే వేసవిలో నిలబడే పంటలు చాలావరకు మన వంటింటివే. బెండ, గోంగూర, తోటకూర, బచ్చలి, అలసంద, గోరుచిక్కుడు, మునగ, చిలగడదుంప వేడిని కోరుకునే మొక్కలు. వేళ్ళకు తడి, మధ్యాహ్నం కాస్త నీడ అందితే జూలైలో కూడా ఆకో కాయో ఇస్తాయి. కూరలో కొత్తిమీర చల్లుకోవాలన్న ఆశతో మే నెలలో ధనియాలు చల్లితే మాత్రం మొలిచిన కొద్ది రోజులకే పూతకు వచ్చి విత్తనం కడుతుంది. కొత్తిమీర కోరికను దీపావళి దాకా వాయిదా వేసుకోవాలి. కరివేపాకు విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. నిమ్మజాతి చెట్లను చంపే పచ్చదనపు తెగులును మోసే చిన్న పురుగుకు కరివేప ఇష్టమైన ఆశ్రయం. అందుకే అమెరికాలో తెగులు నియంత్రణ మండలాలు దాటించి ఈ మొక్కను తీసుకెళ్ళడంపై ఆంక్షలున్నాయి. స్నేహితులు ఇచ్చారని వేరే రాష్ట్రం నుంచి మొక్కను కారులో పెట్టుకుని రావడం పక్కవారి నిమ్మ, నారింజ తోటలకు అపకారం చేయడమే.

వేసవి నడిమధ్యన మడి సగం ఖాళీగా ఉంటే తప్పేమీ లేదు. పాత ఎడారి సమాజాలన్నీ ఆ ఖాళీని ఒప్పుకుని, దానికి వంటింట్లో జవాబు వెతికాయి. థార్ ఎడారిలో వానాకాలంలో సజ్జ చేలలో పండే కచ్రీ అనే చిన్న దోసజాతి కాయను, గోరుచిక్కుళ్ళను, జమ్మికాయలను ఎండబెట్టి ఏడాది పొడుగునా వండుకుంటారు. రాయలసీమ ఇళ్ళలో వంకాయ, గోరుచిక్కుడు, కాకర వరుగులు చేసి డబ్బాలకెత్తడం వెనక ఉన్నదీ ఇదే తెలివి. తేమ లేని గాలి, నిప్పులాంటి ఎండ ఉన్న ఫీనిక్స్‌లో మే నెల టమాటాలు, వంకాయలు పల్చని గుడ్డ కింద రెండు మూడు రోజుల్లో గలగలలాడేంతగా ఎండుతాయి. పంట పండించలేని ఎండ, పండిన పంటను నిలవచేయడానికి బాగా పనికొస్తుంది. ఎడారి తోటల గురించి రాసే పుస్తకాల్లో వరుగుల ప్రస్తావన కనబడకపోవడం నాకు పెద్ద లోటుగా అనిపిస్తుంది.

ఇక నీడ. ఎడారి సూర్యుడు కూరగాయలకు అవసరమైన దానికంటే ఎక్కువ వెలుతురిస్తాడు. రోజుకు ఎనిమిది గంటల పూర్తి ఎండ కావాలన్న సలహా మేఘాలు కమ్మే దేశాలకు సరిపోతుంది. ఎడారిలో పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం పడమటి ఎండను ఆపాలి. ఒమన్‌లో, ఉత్తర ఆఫ్రికా ఒయాసిస్సుల్లో వందల ఏళ్ళుగా ఖర్జూరం పైన, దానిమ్మ, అంజూర, నిమ్మ మధ్యన, కూరగాయలు, పశుగ్రాసం అడుగున మూడంతస్తులుగా సాగు జరుగుతోంది. ఖర్జూరపాకుల సందుల్లోంచి జల్లెడపట్టినట్టు దిగే వెలుతురే అడుగునున్న ఉల్లికి, ముల్లంగికి చాలు. థార్‌లో ఈ పని జమ్మి చేస్తుంది. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి, రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఖేజ్రీ, అరబ్ ఎమిరేట్స్ జాతీయ వృక్షం గాఫ్, మూడూ ఒకే చెట్టు. చాలా లోతుకు వేరు దించి, పైనున్న పంటతో నీటికి పెద్దగా పోటీ పడదు. చిక్కుడు కుటుంబానిది కావడంతో దాని కింది నేల సారవంతమవుతుంది. సొనోరన్ ఎడారిలో దాని దగ్గరి బంధువు మెస్కీట్. అక్కడి అడవి మిరప చిల్టెపిన్ తనంతట తానుగా మొలిచేది ఇలాంటి చెట్ల నీడనే.

ఆ చిల్టెపిన్‌తోనే టూసాన్ దగ్గరి బయోస్ఫియర్-2 పరిశోధన కేంద్రంలో గ్రెగ్ బారన్-గాఫర్డ్ బృందం చేసిన ప్రయోగం 2019లో వెలువడింది. సౌర ఫలకాల కింద చిల్టెపిన్, హలపేన్యో మిరప, చిన్న టమాటా పెంచి, బయటి ఎండలో పెంచినవాటితో పోల్చారు. ఫలకాల కింద చిల్టెపిన్ కాపు మూడింతలైంది, టమాటా రెండింతలైంది. హలపేన్యో కాపు దాదాపు సమానంగానే వచ్చినా మొక్క ఆవిరిచేసిన నీరు 65 శాతం తగ్గింది. కింద మొక్కలుండడం వల్ల ఫలకాలు కూడా పగటిపూట చల్లబడ్డాయి. ఇంటి పెరట్లో ఫలకాలు లేకపోయినా 30 నుంచి 50 శాతం ఎండనాపే షేడ్‌నెట్ ఉంటే చాలు. దాన్ని మొక్కల మీద వాల్చకుండా ఎత్తున కట్టి పక్కలు తెరిచి ఉంచాలి, లేకపోతే కింద వేడి గాలి చిక్కుకుంటుంది. పడమటి వైపు సిమెంటు ఇటుకల గోడ ఉందని దాని పక్కన వేసవి మడి వేయడం మరో పొరపాటు. ఆ గోడ పగలంతా వేడిని పీల్చి రాత్రి మొక్కల మీద కుమ్మరిస్తుంది. అదే గోడ పక్క చోటు జనవరిలో మంచుకు భయపడే మొక్కలకు దివ్యంగా పనికొస్తుంది.

మట్టి దగ్గరికొస్తే, ఎడారి నేలలో సేంద్రియ పదార్థం చాలా తక్కువ. క్షార గుణం (pH) ఎనిమిది దాటి ఉంటుంది. చాలాచోట్ల అడుగు, రెండడుగుల లోతున కలీచీ అనే సున్నపు గట్టిపొర ఎదురవుతుంది. గడ్డపారకు లొంగదు, నీటిని దిగనివ్వదు. మడి వేసేముందు గుంత తవ్వి నీళ్ళు నింపి అవి ఎంతసేపట్లో ఇంకుతాయో చూడడం అందుకే. మట్టిలో ఇనుము ఉన్నా క్షారం వల్ల మొక్కకు అందదు, లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కుతాయి. క్షారం తగ్గిస్తుందని గంధకం చల్లమంటారు గానీ సున్నం దండిగా ఉన్న నేలలో ఆ గంధకం సున్నాన్ని కరిగించడానికే ఖర్చయిపోతుంది. ఏటా రెండుసార్లు బాగా మాగిన ఎరువు కలపడం నిదానంగానైనా కచ్చితంగా ఫలితమిస్తుంది. పశువుల పచ్చి ఎరువు వద్దు, దానిలో ఉప్పు ఉంటుంది.

ఉప్పు గురించి ఇంకాస్త ఆగి చెప్పాలి. ఎడారి సాగును నిశ్శబ్దంగా చంపేది అదే. ఫీనిక్స్‌కు కాలువలో వచ్చే కొలరాడో నది నీటిలో లీటరుకు సుమారు 600 మిల్లీగ్రాముల లవణాలుంటాయి. పది చదరపు మీటర్ల మడికి ఏడాదిలో 15,000 లీటర్లు పెట్టామంటే, తొమ్మిది కిలోల ఉప్పు మడిలో పోసినట్టు. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. చిక్కుళ్ళు, క్యారెట్, ఉల్లి కొద్దిపాటి ఉప్పుకే కాపు తగ్గిస్తాయి. టమాటా కొంత ఓర్చుకుంటుంది, బీట్‌రూట్, అలసంద ఇంకా ఎక్కువ ఓర్చుకుంటాయి. రోజూ కొంచెం కొంచెం తడిపితే ఉప్పంతా వేళ్ళ దగ్గరే పేరుకుంటుంది. అప్పుడప్పుడు లోతుగా, అవసరం కంటే కాస్త ఎక్కువగా పారించి ఉప్పును వేళ్ళ కిందికి దించేయాలి. డ్రిప్‌లో తడి గుండ్రంగా పరుచుకుని ఉప్పు దాని అంచుల్లో చేరుతుంది. అలాంటప్పుడు చిన్న వాన పడితే ఆ ఉప్పు తిరిగి వేళ్ళ మీదికి జారుతుంది. అందుకే వాన పడుతుంటే డ్రిప్ ఆపకూడదు, నడపాలి. వింతగా తోచే ఈ నియమం పాటించక పాడైన మడులు తక్కువేమీ కావు.

ఈ మధ్య పెరటి తోట అంటే చెక్కపెట్టెలో మట్టి నింపిన ఎత్తుమడి అనే అభిప్రాయం స్థిరపడింది. వాన ఎక్కువై నేల బురదయ్యే చోట అది మంచి ఉపాయం. వేడి ఎడారిలో ఎత్తుమడి నాలుగు పక్కల నుంచీ కాగుతుంది, నాలుగు పక్కల నుంచీ ఆరుతుంది. కలీచీ మరీ పైకే ఉన్నా, వంగలేని పెద్దవాళ్ళు తోట చూసుకుంటున్నా ఎత్తుమడికి అర్థముంది. మిగతా చోట్ల నేలను జానెడు లోతుకు దించి, చుట్టూ గట్టు పోసిన పల్లపు మడే మేలని నా గట్టి నమ్మకం. వాన చుక్క, కుళాయి నీరు రెండూ అందులోనే నిలుస్తాయి, వడగాలి పైనుంచి పోతుంది. దాని మీద గడ్డి, ఎండుటాకులు నాలుగంగుళాల మందాన కప్పితే మట్టి వేడి బాగా తగ్గుతుంది. ఖాళీగా ఉన్న మడిలో నులిపురుగుల బెడద ఉంటే వేసవి దానికి మందు. మడిని బాగా తడిపి పారదర్శకమైన ప్లాస్టిక్ పట్ట బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే పురుగులు, కలుపు గింజలు, అనేక తెగుళ్ళ శిలీంద్రాలు ఆ వేడికి నశిస్తాయి. 1970లలో ఇజ్రాయెల్‌లో యాకొవ్ కటాన్ రుజువు చేసిన ఈ పద్ధతికి ఫీనిక్స్ జూలై కంటే అనువైన నెల దొరకదు.

ఇప్పుడు నీళ్ళు. ఫీనిక్స్‌లో ఏడాదికి పడే వాన సుమారు 180 మిల్లీమీటర్లు. కరువు సీమగా మనం చెప్పుకునే అనంతపురంలో సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఫీనిక్స్ జూన్‌లో నిండుగా పెరిగిన పంట చదరపు మీటరుకు రోజుకు ఎనిమిది, తొమ్మిది లీటర్లు తాగుతుంది. ఈ లెక్కను ఎదురుగా పెట్టుకోకుండా ఎడారి తోటను పొగడడం న్యాయం కాదు. కొలరాడో నదిలో నీరు తగ్గి 2021 ఆగస్టులో చరిత్రలో మొదటిసారి కొరత ప్రకటించారు, మరుసటి ఏడాది అరిజోనా వాటాలో పెద్ద కోత పడింది. ఆ కోత ముందుగా తగిలింది పినాల్ కౌంటీ రైతులకు.

అయినా చిన్న మడిని వానతో, పొదుపుతో నడిపే దారి ఉంది. టూసాన్‌లో సుమారు 270 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద పడేది 27,000 లీటర్లు, నష్టాలు తీసేసినా 20,000 పైచిలుకు తొట్టెల్లో పట్టుకోవచ్చు. పైన చెప్పిన పది చదరపు మీటర్ల మడికి అది చాలి మిగులుతుంది. తొట్టెలకు స్థలం, డబ్బు కావాలి. ఆ రెండూ లేనివారి కోసం టూసాన్‌లో బ్రాడ్ లాంకాస్టర్ చాలాకాలంగా చూపిస్తున్నది ఇంకో మార్గం. రోడ్డు అంచు గట్టుకు గండి కొట్టి, వీధిలో పారే వాన నీటిని చెట్ల పాదుల్లోకి మళ్ళించడం అది. మొదట్లో ఇది నిబంధనలకు విరుద్ధం, తర్వాత నగరమే అనుమతించింది. ఇంతకంటే పొడి నేల ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి. అక్కడ అవ్దాత్‌లో 1950ల చివర మైకేల్ ఎవెనారి బృందం రెండువేల ఏళ్ళ నాటి నబాతీయుల పొలాలను పునరుద్ధరించింది. పంట నేల కంటే ఇరవై, ముప్పై రెట్లు విశాలమైన కొండవాలు మీద పడ్డ వాననంతా దిగువన ఒక మడికి చేర్చడమే అక్కడి రహస్యం. జైసల్మేర్‌లో పాలీవాల్ బ్రాహ్మణులు కట్టిన ఖడీన్ గట్లదీ అదే సూత్రం.

మట్టికుండ పద్ధతికి చైనాలో క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు వ్యవసాయ గ్రంథంలోనే వివరణ ఉంది. నునుపు పూత లేని కుండను మెడదాకా పాతి నీళ్ళు నింపితే చుట్టూ ఉన్న వేళ్ళు తమకు కావలసినంతే లాక్కుంటాయి, పైమట్టి పొడిగా ఉండడంతో కలుపు మొలవదు. మన మెట్ట ప్రాంతాల్లో మామిడి మొక్కలను మొదటి వేసవి గట్టెక్కించడానికి కుండలు పాతడం చాలామంది ఎరిగినదే. సొర, దోస, గుమ్మడిలాంటి తీగలకు ఇది బాగా కుదురుతుంది. కొన్నేళ్ళకు ఉప్పు, సున్నం పట్టి కుండ రంధ్రాలు మూసుకుపోతాయి కాబట్టి మార్చుకోవాలి.

గల్ఫ్ దేశాల్లో ఏసీ గ్రీన్‌హౌస్‌లలో, ఉప్పు తీసిన సముద్రపు నీటితో పండిస్తున్న టమాటాల గురించి పత్రికలు గొప్పగా రాస్తాయి. దిగుమతుల మీద ఆధారపడిన దేశాల అవసరం అర్థం చేసుకోదగినదే. కానీ తడిపిన పట్టీల గుండా గాలి పంపి చల్లబరిచే గ్రీన్‌హౌస్‌లో ఆ చల్లదనానికే బోలెడు నీరు ఖర్చవుతుంది. ఆగస్టులో తీరప్రాంతపు గాలి తేమతో నిండినప్పుడు ఆ పద్ధతి సరిగా పనిచేయదు కూడా. అది పరిశ్రమ. పెరట్లో పది అడుగుల మడి వేసుకునే మనిషికి దాన్నుంచి నేర్చుకునేది తక్కువే.

నేర్చుకోవలసింది ఆ నేల పాత రైతుల దగ్గర ఉంది. ఫీనిక్స్ కాలువలు నేటికీ కొన్ని చోట్ల హోహోకం ప్రజలు తవ్విన పురాతన కాలువల దారినే పోతున్నాయి. టొహొనో ఓదమ్ ప్రజలు వాగు ముఖద్వారాల దగ్గర, వేసవి వరద పరుచుకునే చోట విత్తనం వేసేవారు. వాళ్ళ టెపరీ చిక్కుడు జూలై వానకు మొలిచి, రెండు మూడు నెలల్లో గింజ కట్టి ముగిస్తుంది. నీళ్ళు ఎక్కువ పెడితే ఆకు పెరిగి కాయ తగ్గుతుంది. గ్యారీ నభాన్ తన పుస్తకాల్లో ఈ సాగును వివరంగా నమోదు చేశాడు. 1983లో ఆయన, మరికొందరు కలిసి టూసాన్‌లో మొదలుపెట్టిన 'నేటివ్ సీడ్స్/సెర్చ్' ఈ విత్తనాలను కాపాడి పెరటి రైతులకు అందిస్తోంది. వేసవి రాత్రులు ఏటికేడాది వేడెక్కుతుంటే టెపరీ లాంటి పంటల విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు. ఫీనిక్స్‌లో పెరడున్న ప్రతి తెలుగు ఇంట్లో అలసంద పక్కన ఒక వరస టెపరీ వేసి చూడాలని నా కోరిక. పప్పులా ఉడుకుతుంది, తాలింపుకు నప్పుతుంది.

ఈ విత్తనాలను తరతరాలుగా పండించిన గిలా నది ఒడ్డు అకిమెల్ ఓదమ్ ప్రజలకు పంతొమ్మిదో శతాబ్దం చివర ఎగువన వలసదారులు నదిని మళ్ళించడంతో నీళ్ళే లేకుండా పోయాయి. పొలాలు ఎండాయి, కరువు వచ్చింది. సొంత పంట పోయి ప్రభుత్వం పంచిన పిండి, కొవ్వుల మీద బతకవలసి వచ్చిన ఆ జనంలో తర్వాతి తరాల్లో మధుమేహం ప్రపంచంలోనే అత్యధిక స్థాయికి చేరింది. కూరగాయల మడి గురించి మాట్లాడుతూ ఈ కథను దాటేయడం నాకు ఇష్టం లేదు. సుదీర్ఘ న్యాయపోరాటం తర్వాత 2004లో అమెరికా కాంగ్రెస్ చట్టంతో వాళ్ళ నీటి వాటా తిరిగి ఖరారైంది. ఇప్పుడు వాళ్ళ గిలా నది సమాజం భూముల్లో టెపరీ మళ్ళీ పండుతోంది. 2024లో ఆ సమాజమే తమ సాగు కాలువ ఒకదాని మీద సౌర ఫలకాలు పరిచి, ఆవిరయ్యే నీటికి నీడ పట్టింది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది.